ఆరు పెళ్లిళ్ల రాజు, తొంభై ఏళ్ల నాటి సినిమా: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో 1933 నాటి బ్రిటిష్ సినిమా ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’ గురించి ఒక చిన్న ప్రశ్నకు జవాబిచ్చాను. దాని మీద చాలా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చాయి, అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాం. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. ఇంగ్లండ్‌ను 1509 నుంచి 1547 దాకా ఏలిన ఎనిమిదో హెన్రీ తన రెండో భార్య తల తీయించే రోజున సినిమా మొదలవుతుంది, ఒక్కో పెళ్లీ దాటుకుంటూ పోయి, ముసలితనంలో ఆరో భార్యతో చీవాట్లు తింటున్న రాజు దగ్గర ఆగుతుంది. తీసింది అలెగ్జాండర్ కోర్డా, రాజుగా వేసింది చార్లెస్ లాటన్.

మేడం, నేను డిగ్రీ ఫైనలియర్, హిస్టరీ స్టూడెంట్‌ని. హాస్టల్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి చూశాను, బాగా నవ్వుకున్నాం. కానీ ఇందులో నిజమెంత? ఎగ్జామ్‌కి ఏమైనా పనికొస్తుందా?
— ఒక విద్యార్థిని, హనుమకొండ

ఎగ్జామ్‌కి దీన్ని నమ్ముకోకు చెల్లీ. పేర్లు, పెళ్లిళ్ల వరస, ఎవరి తల పోయింది, ఎవరు బతికారు అన్నంతవరకు సరిగ్గానే ఉంటుంది. మిగతాదంతా నవ్వించడానికి అటుదిటు చేసి రాసుకున్నదే. మొదటి సీనే తీసుకో. యాన్ బొలీన్ తల తెగిన రోజే రాజు జేన్ సీమోర్‌ను పెళ్లి చేసేసుకుంటాడు. అసలు యాన్‌ను చంపింది 1536 మే 19న, పెళ్లి జరిగింది మే 30న. అయితే నిశ్చితార్థం మాత్రం యాన్ చనిపోయిన మర్నాడే అయిపోయింది, కాబట్టి ఇక్కడ సినిమా పూర్తిగా అబద్ధమాడిందని నేననను. తేదీలు తప్పినా మనిషి ఎలాంటివాడో తప్పలేదు.

నాలుగో భార్య యాన్ ఆఫ్ క్లీవ్స్ సంగతి వేరు. సినిమాలో ఆమెకు ఈ పెళ్లి ఇష్టం లేదు, కావాలని మొహం వికారంగా పెట్టుకుంటుంది, మొదటి రాత్రి రాజును పేకాటలో ఓడిస్తుంది. ఆ పాత్ర వేసిన ఎల్సా లాంచెస్టర్ నిజజీవితంలో లాటన్ భార్య, ఇద్దరూ ఆ సీన్‌లో పోటీపడి చేశారు, ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. కానీ ఆ పేకాట కల్పితం. జరిగిందేమిటంటే, హాన్స్ హోల్బైన్ గీసిన బొమ్మ చూసి హెన్రీ సరేనన్నాడు, తీరా మనిషిని చూశాక నచ్చలేదన్నాడు. 1540 జనవరిలో పెళ్లి, జులైలో రద్దు. ఆమె ఎదురు చెప్పలేదు, దానికి బదులుగా రిచ్‌మండ్ ప్యాలెస్, హీవర్ కోట, ఏటేటా ఆదాయం, రాజుగారి చెల్లెలన్న హోదా పుచ్చుకుని హాయిగా 1557 దాకా, అంటే రాజు పోయిన పదేళ్ల దాకా బతికింది. ప్రాణం పోయింది ఈ సంబంధం కుదిర్చిన మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కి. 1540 జులై 28న అతని తల తీశారు, అదే రోజు రాజు ఐదో పెళ్లి చేసుకున్నాడు. ఇది మాత్రం ఎవరూ కల్పించింది కాదు.

ఆ ఐదో భార్య దగ్గరే నాకు సినిమా మీద కోపం వస్తుంది. క్యాథరిన్ హోవర్డ్‌ను తెర మీద అన్నీ తెలిసిన, రాణి కావాలని లెక్కలు వేసుకున్న పెద్ద మనిషిగా చూపిస్తారు. అసలామెకు పెళ్లినాటికి ఇరవై ఏళ్లు కూడా దాటి ఉండవని చరిత్రకారుల అంచనా. రాజుకు 49. చిన్నప్పుడు సంగీతం నేర్పడానికి వచ్చినవాడే ఆమెతో తప్పుగా నడుచుకున్నాడు, ఆ పాత సంగతులన్నీ తవ్వి తీసి చివరకు 1542 ఫిబ్రవరి 13న తల నరికారు. దీన్ని ఒక ప్రేమకథగా, అందమైన హీరో రాబర్ట్ డోనట్‌తో చుట్టేశారు. సినిమాగా చూస్తే ఆ భాగం బాగుంటుంది, కళ్లలో నీళ్లు కూడా తిరుగుతాయి, కానీ ఆ పిల్లకు జరిగిన అన్యాయం అందులో ఎక్కడా కనిపించదు.

ఇక ఆరో భార్య క్యాథరిన్ పార్‌ను తిండి దగ్గర సణిగే మనిషిగా మిగిల్చారు. ఆమె 1544లో రాజు ఫ్రాన్స్ యుద్ధానికి వెళ్తే ఇక్కడ రాజ్యం చూసుకున్న మనిషి, 1545లో తన పేరుతోనే ఇంగ్లిష్‌లో పుస్తకం అచ్చు వేయించిన మొదటి ఇంగ్లండ్ రాణి. నీ ఎగ్జామ్‌లో అడిగేవి, అంటే రోమ్‌తో తెగతెంపులు, రాజే చర్చికి పెద్ద అన్న 1534 నాటి సుప్రిమసీ చట్టం, దానికి తలొగ్గని మాజీ మంత్రి థామస్ మోర్ మరణశిక్ష, మఠాల ఆస్తుల స్వాధీనం, ఇవి సినిమాలో వెతికినా నీకు పనికొచ్చేంత దొరకవు. అవి పుస్తకంలోనే చదువుకో తల్లీ.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. ఆరుగురి వరస ఎప్పుడూ కలగాపులగం అయిపోతుంది, టెన్షన్‌లో అసలు గుర్తుండదు. ఏదైనా ఉపాయం చెప్పండి.
— మంచిర్యాల నుంచి ఒక తమ్ముడు

ఇంగ్లండ్‌లో బడిపిల్లలు పాడుకునే పద్ధతే పట్టుకో తమ్ముడూ: విడాకులు, శిరచ్ఛేదం, మరణం, మళ్లీ విడాకులు, శిరచ్ఛేదం, చివరామె బతికిపోయింది. పేర్లు వరసగా క్యాథరిన్ ఆఫ్ అరగాన్, యాన్ బొలీన్, జేన్ సీమోర్, యాన్ ఆఫ్ క్లీవ్స్, క్యాథరిన్ హోవర్డ్, క్యాథరిన్ పార్. మొదటామెకు మేరీ, రెండో ఆమెకు ఎలిజబెత్, మూడో ఆమెకు ఎడ్వర్డ్, తర్వాతి ముగ్గురికి ఆయన వల్ల పిల్లల్లేరు. బిట్ కోసం ఇది చాలు.

మొదటి భార్య సినిమాలో అసలు కనిపించదేంటి? మొదట్లో ఏదో అక్షరాలు వేసి వదిలేశారు. నేను ఏమైనా మిస్సయ్యానా?
— రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, కాజీపేట

మీరేమీ మిస్సవలేదు సార్, వాళ్లే వదిలేశారు. మొదట్లో పడే ఆ అక్షరాల భావం ఏమిటంటే, ఆమె మర్యాదస్తురాలు, ఆమె కథలో చెప్పుకోదగ్గ విశేషం లేదు, అందుకే హెన్రీ విడాకులిచ్చేశాడు అని. హాల్లో జనం అక్కడ నవ్వాలని రాశారు, నవ్వే ఉంటారు. నాకు మాత్రం సినిమా మొత్తంలో అన్నిటికంటే పెద్ద తప్పు అదే అనిపిస్తుంది.

ఎందుకంటే ఆరుగురిలో ఎక్కువ కాలం రాణిగా ఉన్నది ఆమే. 1509లో పెళ్లయింది, 1533లో ఆ పెళ్లి చెల్లదని తీర్పు ఇప్పించారు. అంటే 24 ఏళ్లు. మిగిలిన ఐదుగురి కాపురాలన్నీ కలిపినా అంత లేదు సార్. స్పెయిన్ రాజు ఫెర్డినాండ్, రాణి ఇసబెల్లాల కూతురు, 1501లో హెన్రీ అన్న ఆర్థర్‌ను పెళ్లాడటానికి ఓడెక్కి వచ్చింది, కొన్ని నెలలకే అతను చనిపోయాడు, ఏడేళ్లు పరాయి దేశంలో ఎటూ కాకుండా ఉండిపోయి, హెన్రీ గద్దెనెక్కాక అతని భార్య అయింది. 1513లో హెన్రీ ఫ్రాన్స్ మీద యుద్ధానికి పోయినప్పుడు రాజ్యభారం ఆమె చేతిలోనే ఉంది, అప్పుడే ఫ్లాడెన్ దగ్గర స్కాట్లండ్ సైన్యం ఓడిపోయింది, వాళ్ల రాజు నాలుగో జేమ్స్ ఆ యుద్ధంలోనే చనిపోయాడు. అతని రక్తం మరకల అంగీని ఆమె భర్తకు ఫ్రాన్స్‌కు పంపించింది. ఇంత కథ ఉన్న మనిషి సార్ ఆమె.

కాన్పు తర్వాత కాన్పు పోయింది, బతికి బట్టకట్టింది మేరీ ఒక్కతే. 1529లో లండన్‌లోని బ్లాక్‌ఫ్రయర్స్‌లో ఈ పెళ్లి చెల్లుతుందా లేదా అని విచారణ పెట్టినప్పుడు ఆమె నిండు సభలో రాజు ముందు మోకాళ్ల మీద కూర్చుని తన మాట తను చెప్పుకుంది, చెప్పి లేచి బయటికి నడిచింది, వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తున్నా తిరిగి రాలేదు. నేను దర్శకురాలినైతే సినిమా అక్కడే మొదలుపెట్టేదాన్ని. కోర్డా తీయలేదంటే కారణం తెలుస్తూనే ఉంది, ఆయనకు కావాల్సింది నవ్వులు పుట్టించే పడకగది కథ. ఆమె గురించి తీస్తే ఎవరూ నవ్వరు. ఆమె 1536 జనవరిలో, కూతుర్ని కూడా చూడనివ్వని స్థితిలో కింబోల్టన్ కోటలో కన్నుమూసింది.

మా దగ్గర రాజులకు ఎంతమంది రాణులుండేవారో లెక్కే లేదు. ఈయన ఆరుగురిని చేసుకుంటే ప్రపంచమంతా చెప్పుకోవాలా? ఇంకో మాట, మగపిల్లాడి కోసం ఇంత చేసినాయన గురించి చదువుతుంటే మాకు మన రుద్రమదేవే గుర్తొచ్చింది.
— ఖిలా వరంగల్ నుంచి ఒక టీచర్

మంచి ప్రశ్న అడిగారు టీచర్ గారూ. లెక్క కాదు, పద్ధతి తేడా. మన దగ్గర రాజుకు ఒకరు ఉండగానే ఇంకొకరిని చేసుకునే వీలుంది. కాకతి గణపతిదేవుడే జాయప సేనాని అక్కచెల్లెళ్లు నారాంబ, పేరాంబలను ఇద్దరినీ చేసుకున్నాడు, కొత్త రాణి రావడానికి పాత రాణి పోవాల్సిన అవసరం లేదు. హెన్రీకి ఆ దారి లేదు. క్రైస్తవ మతం ప్రకారం ఒక భార్య బతికుండగా ఇంకొకరు కుదరదు, ఇప్పుడు మనమనుకునే విడాకులూ లేవు. ఉన్నది ఒక్కటే, అసలు ఈ పెళ్లి మొదటినుంచీ చెల్లదని మతాధికారులతో అనిపించడం. అలా అనాల్సిన పోప్ ఏడో క్లెమెంట్ అనలేదు. క్యాథరిన్ అక్క కొడుకు ఐదో చార్లెస్ చక్రవర్తి, అతని సైన్యం 1527లో రోమ్ నగరాన్నే దోచుకుంది, ఆ భయంలో ఉన్న పోప్ ఆమెకు వ్యతిరేకంగా ఎలా చెప్తాడు? చివరకు హెన్రీ పోప్‌నే కాదన్నాడు, తన దేశపు చర్చికి తనే పెద్దనన్నాడు. ఒక్క పెళ్లి గొడవ ఒక దేశం మతాన్ని మార్చింది కాబట్టి లోకమంతా చెప్పుకుంటోంది.

ఇంకో దారుణం చూడండి. యాన్ బొలీన్‌ను చంపడానికి రెండు రోజుల ముందు ఆమె పెళ్లి కూడా చెల్లదని తేల్చారు. పెళ్లే చెల్లకపోతే వ్యభిచారం నేరం ఎలా మోపారని అడిగే నాథుడు లేడు. మూడేళ్లు కూడా నిండని ఎలిజబెత్ అక్రమ సంతానమైపోయింది, అంతకుముందు మేరీ గతీ అదే.

రుద్రమ విషయంలో మీరన్నది అక్షరాలా నిజం. గణపతిదేవుడికి కొడుకుల్లేరు. ఆయన ఎవరి తలా తీయించలేదు, పెద్ద కూతురికే రాజ్యం నడపడం నేర్పాడు. 1262 నుంచి ఆమె ఏలింది, శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరుతో కనిపిస్తుంది. అంటే ఇక్కడా ఆడమనిషిగా గద్దె మీద కూర్చోవడం సులువేమీ కాలేదు, ఆ సంగతి మరిచిపోకూడదు. సామంతులు తిరగబడ్డారు, వాళ్లలో ఒకడైన అంబదేవుడితో పోరాడాల్సి వచ్చింది, 1289లో ఆమె మరణం గురించి నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం చెబుతోంది. ఆమెకూ కొడుకుల్లేరు, కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ని దత్తత తీసుకుంది. వరసగా రెండు తరాలు కూతుళ్ల వైపు నుంచే రాజ్యం నిలబడింది. ఇదంతా హెన్రీ పుట్టడానికి రెండు వందల ఏళ్ల ముందు, మీరు రోజూ నడిచే ఆ రాతి తోరణాల ఊళ్లో. అక్కడ హెన్రీ అంత రక్తపాతం చేసి కన్న ఎడ్వర్డ్ తొమ్మిదేళ్లకు రాజై పదిహేనేళ్లకే పోయాడు, వద్దనుకున్న కూతురు ఎలిజబెత్ 1558 నుంచి 1603 దాకా ఏలింది. మీ క్లాసులో పిల్లలకు ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చెప్పండి, ముఖ్యంగా ఆడపిల్లలకు.

ఇందులో యాన్ బొలీన్‌గా చేసినామె మన ఇండియా ఆమె అని మా తాతయ్య అంటారు. నిజమేనా?
— ఇంటర్ విద్యార్థి, జమ్మికుంట

మీ తాతయ్య చెప్పింది నిజం. ఆమె పేరు మెర్ల్ ఒబెరాన్, 1911లో బొంబాయిలో పుట్టింది, కలకత్తాలో పెరిగింది, ఆంగ్లో ఇండియన్. ఈ సినిమాలో ఆమె ఉన్నది కొద్ది నిమిషాలే, అయినా చావుకు సిద్ధమవుతూ అద్దంలో చూసుకునే ఆ మొహం మనసులోంచి పోదు. ఈ పాత్రతోనే పేరొచ్చింది, తర్వాత హాలీవుడ్‌కి పోయి 1935 నాటి సినిమాకు ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది, 1939లో కోర్డానే పెళ్లి చేసుకుంది. కానీ బతికినన్నాళ్లూ తను ఆస్ట్రేలియా పక్కన టాస్మేనియాలో పుట్టానని చెప్పుకోవాల్సి వచ్చింది. తనను పెంచిన షార్లెట్‌ను ఇంటికొచ్చిన వాళ్లకు పనిమనిషిగా చూపించేదని ఆమె జీవితచరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఆ రోజుల్లో ఇండియాలో పుట్టిన, నల్లరక్తం కలిసిన పిల్ల అని తెలిస్తే ఒక్క స్టూడియో గుమ్మం కూడా తెరుచుకునేది కాదు. 1979లో ఆమె పోయాక గానీ అసలు సంగతి అందరికీ తెలియలేదు.

నేను నాటకాలు వేస్తాను. రాజు కోడిని చేత్తో చించుకుని తిని ఎముకలు వెనక్కి విసిరే సీన్ చూసి ఆశ్చర్యపోయాను. నిజంగా రాజులు అలా తినేవారా? ఆ నటుడు ఎలా చేశాడు?
— జనగామ నుంచి ఒక కళాకారుడు

అలా తినేవాళ్లు కాదన్నా. అప్పట్లో ఫోర్కులు వాడకం లేక చేత్తో, కత్తితో, చెంచాతో తినేవాళ్లు, నిజమే. కానీ రాజు బల్ల దగ్గర పద్ధతులు చాలా కఠినంగా ఉండేవి, చేతులు కడిగించడానికి ఒకరు, మాంసం కోసి పెట్టడానికి ఒకరు, తుండుగుడ్డ పట్టుకుని ఒకరు నిలబడేవాళ్లు. ఎముకలు విసరడం సినిమా పుట్టించింది. అయినా ఇవాళ్టికీ ప్రపంచంలో ఎవరిని అడిగినా హెన్రీ అంటే కోడి కాలు పట్టుకున్న లావుపాటి మనిషే కళ్ల ముందుకొస్తాడు. ఒక నటుడు చరిత్రను అంతలా మార్చేశాడు.

మీరు ఆ సీన్ ఇంకోసారి చూడండి, ఈసారి మాటలు వినండి. నోటినిండా మాంసం, చేతులనిండా జిడ్డు, ఆ ఎముక వెనక్కి విసురుతూనే ఈ కాలంలో మర్యాద అనేదే లేకుండా పోయిందని వాపోతాడు. మాట ఒకటి, చెయ్యి ఇంకొకటి చేస్తుంటాయి, నవ్వు అక్కడ పుడుతుంది. మన చిందు యక్షగానంలో హిరణ్యకశిపుడు అడుగేస్తేనే పాత్ర తెలిసిపోయినట్టు, లాటన్ కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు నడుముకు ఆనించి నిలబడితేనే రాజు వచ్చేశాడు. ఆ నిలబడటం హోల్బైన్ గీసిన హెన్రీ చిత్రం నుంచి తీసుకున్నదే. అప్పటికి లాటన్ వయసు 34 మాత్రమే, నలభై అయిదు నుంచి యాభై అయిదు దాకా ఉన్న మనిషిని చేశాడు. సినిమా చివర్లో నడుం వంగి, భార్య చూడకుండా దొంగతనంగా ఎముక చీకుతూ నేరుగా కెమెరావైపు చూసి, ఆరుగురిలో మంచిదే అందరికంటే చెడ్డదని మనతో మొర పెట్టుకుంటాడు. ఆ మాట నాకు నచ్చదు, ఆ నటన మాత్రం కాదనలేను. ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది, బ్రిటన్‌లో తీసిన సినిమాకు ఆస్కార్ రావడం అదే మొదలు. నేర్చుకునేవాళ్లు ఆయన చేతులు చూడాలి, మొహం కంటే చేతులే ఎక్కువ మాట్లాడతాయి.

హెన్రీ మీద ఇంతకంటే ముందు సినిమా ఏదైనా వచ్చిందా? ఈ సినిమాకు డబ్బులొచ్చాయా?
— ములుగు

వచ్చింది. 1911లో విల్ బార్కర్ అనే నిర్మాత లండన్ రంగస్థలం మీద పేరుమోసిన హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ నాటకాన్ని మూకీగా తీశాడు, ట్రీకి వెయ్యి పౌండ్లు ఇచ్చాడు, అప్పటికి అది మామూలు మొత్తం కాదు. కొన్ని వారాలు ఆడించి, ఒప్పందం ప్రకారం ప్రింట్లన్నీ వెనక్కి తెప్పించి నలుగురి ముందు తగలబెట్టించాడు. ఒక్క ప్రింటూ మిగల్లేదు. అరిగిపోయిన ప్రింట్లతో పేరు చెడకూడదని, ఇప్పుడు చూడకపోతే మళ్లీ దొరకదని జనం ఎగబడాలని అలా చేశారు. సినిమాను ప్రేమించే ఎవరికైనా కడుపు మండే పని అది.

1933 సినిమాకు సుమారు 60,000 పౌండ్లు ఖర్చయితే, మొదటి విడతలోనే ప్రపంచమంతా కలిపి 5 లక్షల పౌండ్లు వచ్చాయంటారు. న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో ఆడిన బ్రిటిష్ సినిమా ఇది. అప్పటిదాకా 1927 చట్టం ప్రకారం హాళ్లలో కొంత వాటా స్వదేశీ సినిమాలు ఆడాలి కాబట్టి, ఆ వాటా నింపడానికి చవకగా చుట్టేసిన సినిమాలే ఎక్కువగా వచ్చేవి. హంగరీ నుంచి వచ్చిన కోర్డా వాళ్లకు బయటి మార్కెట్ చూపించాడు. ఈ డబ్బు, ఈ పేరుతోనే 1936లో డెన్‌హమ్ స్టూడియో కట్టాడు. మైసూరు ఏనుగుల శాల నుంచి వచ్చిన సాబూను 1937లో హీరోని చేసింది ఆయన సంస్థే, మరుసటి ఏడాది సామ్రాజ్యాన్ని పొగుడుతూ తీసిన సినిమా మీద బొంబాయిలో జనం నిరసనకు దిగిందీ ఆయన సంస్థ మీదే.

మా పిల్లలకు పన్నెండు, తొమ్మిదేళ్లు. వాళ్లతో కలిసి చూడొచ్చా అక్కా?
— ఒక అమ్మ, నర్సంపేట

పెద్దవాడితో చూడమ్మా, చిన్నదానికి అర్థం కాదు. రక్తం లేదు, తల నరకడం తెర మీద చూపించరు, కానీ దాన్ని వేడుకలా చూడటానికి వచ్చిన జనం మాటలు పిల్లల్ని కలవరపెడతాయి. పడకగది జోకులు కొన్ని ఉన్నాయి, ఇప్పటి టీవీ కంటే మెత్తగానే ఉంటాయి. మొత్తం 97 నిమిషాలు, పాతకాలం ఇంగ్లిష్ కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. మొదలుపెట్టే ముందు క్యాథరిన్ ఆఫ్ అరగాన్ ఎవరో పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పు, ఆ తర్వాతే ప్లే నొక్కు.